నిదానమా? ఆలస్యమా?

మా అమ్మ దగ్గర రెండు సామెతలున్నాయి. ఒకటి ‘నిదానమే ప్రధానం’. రెండోది ‘ఆలస్యం అమృతం విషం’. ఈ రెండింటికీ క్షణం పడదని ఆమెకి ఈ డెబ్బై ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా తోచలేదు. నగలు కొందామంటే మొదటిది తీస్తుంది. పెళ్లి సంబంధం వస్తే రెండోది తీస్తుంది. ఏది ఎప్పుడు తీయాలో ఆమెకి తెలిసినంత బాగా మరెవ్వరికీ తెలీదు.

ఈ రెండు సామెతల మధ్యా మా ఇంటిల్లిపాదీ రెండేళ్లు నలిగిపోయాం. కారణం మా తమ్ముడి కూతురు చిట్టి. మెడికల్ ప్రవేశ పరీక్ష, అదేనండీ నీట్, ఎప్పుడు రాయాలన్నది సమస్య. ‘ఎప్పుడు పెడితే అప్పుడు రాయడమే గదా, దీనికింత ఆలోచనెందుకు?’ అంటున్నారా? అయితే మీ ఇంట్లో బైపీసీ చదివే పిల్ల లేదన్నమాట.

మేం ముగ్గురం తోడబుట్టినవాళ్లం, మూడు ఊళ్లలో ఉన్నాం. పుట్టిల్లు మదనపల్లె. అమ్మ, తమ్ముడు, మరదలు, చిట్టి అక్కడే. నా మెట్టినిల్లు పుంగనూరు. ముప్పై కిలోమీటర్ల దూరం, కూర పొయ్యిమీద పెట్టి వెళ్లి రావచ్చు అంటారు మావారు. చెల్లెలు కుప్పంలో. పుంగనూరు నుంచి పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా వెళ్తూంటే, పక్క సీటువాళ్ల మాటల్లో తెలుగూ తమిళమూ కన్నడమూ కలిసిపోయాయంటే కుప్పం వచ్చినట్టు లెక్క. మేం పుట్టినప్పుడు మూడూ చిత్తూరు జిల్లాలోవే. తరవాత జిల్లాలు మారాయి గానీ, ఒక ఇంట్లో తుమ్మితే ఇంకో ఇంట్లో ‘చిరంజీవ’ అనడం మాత్రం మారలేదు.

2023 సంక్రాంతికి అందరం మదనపల్లెలో చేరాం. ఓళిగలు తింటూ ఉండగా, చిట్టి చేతిలోది ఆకులో పెట్టేసి అంది:

“ఈ ఏడు నేను నీట్ రాయను. వచ్చే ఏడు రాస్తా.”

మా తమ్ముడి చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది.

దాని బాధ అబద్ధం కాదు. మార్చి మధ్యలో మొదలైతే ఇంటర్ పరీక్షలు ఏప్రిల్ మొదటి వారానికి గానీ వదలవు. నీట్ మే 7న. నడుమ మిగిలేది ఒక్క నెల. ఆ నెలలో రెండేళ్ల ఫిజిక్సూ, కెమిస్ట్రీ, బాటనీ, జువాలజీ తిరగెయ్యాలి. 720 మార్కుల పరీక్ష. ఒక్కో ప్రశ్నకీ నాలుగు మార్కులు, తప్పు రాస్తే ఉన్నదాంట్లోంచి ఒకటి కోత. తెలియకపోతే వదిలెయ్యాలి గానీ దేవుడిమీద భారం వేసి గీకడానికి లేదు. మా కాలంలో దేవుడికి ఆపాటి పని ఉండేది.

మా తమ్ముడు టమోటా మండీలో గుమాస్తా. వాడికి లోకంలో ఏ సంగతైనా టమోటాతోనే అర్థమవుతుంది.

“చూడు మే, దూరం పోయే లోడుకి దోరగా ఉన్నప్పుడే కోయాల. బాగా మాగినాక కోస్తామని చెట్టున పెట్టుకుంటే పెట్టెలో చితికి పోతాది. చదివింది మనసులో ఉన్నప్పుడే రాసెయ్యాల.”

“నేనింకా పూతలో ఉండా నాయనా,” అంది చిట్టి.

అందరం నవ్వాం. తమ్ముడు నవ్వలేదు.

అమ్మ లేచి వెళ్లి గోడమీది క్యాలెండరు దించుకొచ్చింది. మే 7 ఆదివారం. పరీక్ష రెండు గంటల నుంచి అయిదూ ఇరవై దాకా అని చిట్టి చెప్పింది. అమ్మ కళ్లజోడు సవరించుకుని చూసి గుండెలమీద చెయ్యేసుకుంది.

“అయ్యో! ఆదివారం నాలుగున్నరకి రాహుకాలం గదే! నాలుగున్నరలోగా రాసేసి లేసి వచ్చెయ్యమను.”

“మరి వచ్చే ఏడో అత్తయ్యా?” అని అడిగారు మావారు, అమాయకంగా మొహం పెట్టి.

వచ్చే ఏడూ మే నెల ఆదివారమే, అదే రెండు గంటలకే. రాహుకాలం ఢిల్లీ దాకా పోయినట్టు లేదు.

చెల్లెలు మాత్రం అన్నీ కనుక్కుని వచ్చింది. వాళ్ల కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఉంది. మిద్దెమీద బట్టలు ఆరేస్తూంటే తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు రోడ్డుమీద పోతూ కనిపిస్తారు. అంచేత ఈ విషయంలో తనకి సగం డిగ్రీ వచ్చినట్టే దాని నమ్మకం. అది చెప్పిన లెక్క ఇదీ: చేరే ఏడాది డిసెంబరు ఆఖరుకి పదిహేడేళ్లు నిండితే చాలు. పై వయసుకి హద్దు 2022లోనే తీసేశారు. ఇన్నిసార్లే రాయాలన్న లెక్కా లేదు. “కాబట్టి ఈ ఏడు అలవాటు కోసం రాయనీ. రాకపోతే లాంగ్‌టర్మ్‌లో చేరి వచ్చే ఏడు మళ్లా రాస్తాది. రెండు చేతులా లడ్డే గదా!”

రెండు చేతులా లడ్డు అంది గానీ, రెండో లడ్డు ధర ఎంతో చెప్పలేదు. లాంగ్‌టర్మ్ అంటే ఇంటర్ అయ్యాక ఏ కాలేజీలోనూ చేరకుండా ఏడాదంతా ఈ ఒక్క పరీక్షకే చదవడం. హాస్టలు ఖర్చు, ఫీజు, ఇంటిమీద బెంగ. అన్నిటికీ మించి, ‘మీ పిల్ల ఏం చేస్తాంది?’ అని అడిగే ఊరంతటికీ జవాబు చెప్పుకోవడం.

ఇంతలో న్యూజెర్సీ నుంచి మా పెద్దనాయన కూతురు ఫోన్ చేసింది. పండగ పలకరింపులయ్యాక, దాని కూతురూ డాక్టరు చదువుకి పరీక్ష రాయబోతోందని తెలిసింది. అక్కడ ముందు డిగ్రీ చదవాలి, ఆ తరవాతే వైద్యం. ఆ పరీక్ష పేరు ఎంక్యాట్. జనవరి నుంచి సెప్టెంబరు దాకా ఎన్నో రోజుల్లో పెడతారట, ఎవరికి వీలైన తేదీ వాళ్లు తీసుకోవచ్చట. ఏడాదికి మూడుసార్లు మించకూడదు, జన్మకి ఏడుసార్లు మించకూడదు.

“ఎంత అదృష్టమే! తేదీ మీ ఇష్టమే గదా!” అన్నాను.

“ఏం అదృష్టమో! మార్చి అంటాది, వద్దు మే అంటాది, మళ్లీ ఆగస్టు అంటాది. తయారయ్యానో లేదో తెలిసేదెట్లమ్మా అని రాత్రిళ్లు ఏడుస్తాది. ఎవరో ఒకరు తేదీ పెట్టేస్తే పీడా పోను అనిపిస్తాంది.”

అదండీ సంగతి. తేదీ ఢిల్లీవాళ్లు పెట్టినా, పిల్ల తనే పెట్టుకున్నా, తలనొప్పి ఒకటే.

ఆ సభలో చిట్టి పక్షాన నిలబడ్డది నేనొక్కదాన్నే. “దానికి ఎంత టైము కావాలంటే అంత ఇవ్వండి. డబ్బు చాలకపోతే నా గాజులున్నాయి,” అన్నాను. అనేశాక మావారి వైపు చూశాను. ఆయన క్యాలెండరు వైపు చూస్తున్నారు.

నేనంత గట్టిగా ఎందుకు మాట్లాడానో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం అని క్షయ శానిటోరియం ఉంది. 1915లో పెట్టింది. అక్కడి గాలి మంచిదని ఎక్కడెక్కడివాళ్లో వచ్చి నెలల తరబడి ఉండేవాళ్లు. నాకు ఆరేళ్లప్పుడు మా పెద్దనాయన అక్కడ ఉన్నాడు. ఆదివారం ఆదివారం అమ్మ క్యారియరు సర్దుకుని నన్ను వెంటబెట్టుకు వెళ్లేది. ఇంట్లో అందరూ పెద్దనాయనని చూసి రెండడుగులు దూరంగా నిలబడేవాళ్లు. తెల్లబట్టల్లో ఒకావిడ మాత్రం వచ్చి, మంచంమీదే కూచుని, ఆయన వీపుకింద దిండు సర్ది, నవ్వుతూ మాట్లాడేది. పెద్దయ్యాక నేనూ అట్లా అవుతానని ఆ రోజే అనేసుకున్నాను.

ఇంటర్ బైపీసీ బి.టి. కాలేజీలో చదివాను. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఆ కాలేజీలో ఉన్నప్పుడే అని మా లెక్చరర్లు గొప్పగా చెప్పేవాళ్లు. ఆ వేపచెట్ల నీడల్లో కప్పల్ని కోస్తూ నేను నా తెల్లకోటు గురించి కలలు కనేదాన్ని. 1986లో ఎంసెట్ అనే పేరుతో పరీక్ష మొదలైంది. ఆ మొదటి ఎంసెట్ రాసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. తిరుపతిలో అప్పటికి ఉన్నది 1960 నాటి ఎస్వీ మెడికల్ కాలేజీ ఒక్కటే. ఆడపిల్లల కోసమే పెట్టిన పద్మావతి వైద్య కళాశాల వచ్చింది 2014లో గదా! నా ర్యాంకు సీటుకి అందలేదు. మరీ ఆమడ దూరంలో ఏం లేదు. ఇంకో ఏడు కూచుని చదివితే వస్తుందని నాకు గట్టి నమ్మకం.

నాయన చెడ్డవాడు కాదు. రాత్రి అన్నాలయ్యాక పక్కన కూచోబెట్టుకుని నెమ్మదిగానే చెప్పాడు. “మగపిల్లోడికి ఏడాదంటే పన్నెండు నెలలు. ఆడపిల్లకి ఏడాదంటే నాలుగు సంబంధాలు మే.”

ఆ నాలుగింటిలో మొదటిదే పుంగనూరు సంబంధం. 1987లో పెళ్లయిపోయింది. మావారు మంచివారే. పిల్లలు, పాడి, అత్తగారి పొట్టి ఆవులు, అన్నీ బాగానే గడిచాయి. కానీ ఆ ఏడాది మాత్రం, నాకు ఇవ్వని ఆ ఒక్క ఏడాది, పెట్టె అడుగున పట్టుచీర మాదిరి నాలో మడిచిపెట్టే ఉంది.

అంచేత చిట్టి ‘వచ్చే ఏడు’ అన్నప్పుడు, నా చెవికి వినబడింది దాని గొంతు కాదు.

చివరికి కుప్పం ప్రకారమే తీర్మానం జరిగింది. ముందు రాయడం, తరవాత చూడడం.

మే 7న తిరుపతిలో సెంటరు. తమ్ముడూ, నేనూ, చిట్టీ తెల్లవారుజామున బస్సెక్కాం. ఒంటిగంటన్నరకి గేటు మూసేస్తారు. పొడుగు చేతుల చొక్కా వద్దు, బూట్లు వద్దు, ఒంటిమీద లోహం ఉండకూడదు. గేటు దగ్గర ఎక్కడ చూసినా అమ్మలూ అత్తలూ నిలబడి పిల్లల చెవులకున్న దిద్దులు విప్పుతున్నారు. నేనూ చిట్టి దిద్దులు తీసి కొంగున ముడేసుకున్నాను. బోసి చెవులతో అది లోపలికి పోతూంటే, నేను దాన్ని ఎక్కడికో అప్పగిస్తున్నట్టు గొంతు పట్టేసింది. ఎండలో చెట్టుకింద మూడు గంటలు. నాలుగున్నరకి అమ్మ ఫోన్: “రాహుకాలం వచ్చేసింది. బయటికి వచ్చేసిందా?”

మార్కులు 318. అలవాటు కోసం రాసింది గదా అని ఎవరూ ఏమీ అనలేదు. అనకపోయినా మా తమ్ముడి మొహం మండీలో మిగిలిపోయిన పెట్టెలాగే ఉంది.

ఇక్కడ చిన్న సంగతి. ఆ వేసవిలో మదనపల్లె మండీలో టమోటాకి ధర లేదు. కోత కూలి కూడా రాదని తోటలు వదిలేసినవాళ్లున్నారు. అదే ఏడు జులై నెలాఖరుకి అదే మండీలో కిలో దగ్గర దగ్గర రెండు వందలు పలికింది. ఆలస్యంగా నాటినవాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. తొందరపడి నాటినవాళ్లు నోళ్లు తెరిచారు. ఇద్దరిలో ఎవరికీ ముందుగా తెలీదు. చిట్టి ఆ రోజు వాళ్ల నాయనతో అంది: “చూసినావా నాయనా? నిదానంగా వచ్చిన కాయకే ధర.” తమ్ముడు మాట్లాడకుండా వెళ్లి లాంగ్‌టర్మ్ ఫీజు కట్టి వచ్చాడు.

తిరుపతిలో హాస్టలు. తెల్లవారి లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా చదువే. వారం వారం పరీక్ష. మార్కుల పట్టిక గోడకి అంటిస్తారు, అన్నానికి పోతూ వస్తూ అందరూ చూసుకోవాలి. నేను నెలకోసారి సంగటి ముద్దలూ, ఊరిబిండీ కట్టుకుని పోయేదాన్ని. మొదటి నెల లొట్టలేసుకుంటూ తింది. నాలుగో నెలకి కెలికి వదిలేసింది. తల దువ్వబోతే దువ్వెన నిండా వెంట్రుకలు.

“ఎట్ల చదవతా ఉండావు మే?” అన్నాను.

“మార్కులు పెరగతా ఉండాయి అత్తా. నేనే తగ్గతా ఉండా.”

అప్పుడైనా నేను ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. “ఇంకెంత, ఆరు నెలలు! నిదానమే ప్రధానం,” అన్నాను. నా నోట్లోంచి వచ్చింది అమ్మ మాటే.

మావారు ఫోన్‌లో వేరే రకంగా ధైర్యం చెప్పారు. “మా పుంగనూరు ఆవుని చూడు చిట్టీ. మూడడుగుల ఎత్తు లేదు. పాలల్లో వెన్న మాత్రం ఏ సీమ ఆవుకీ రాదు. పక్కవాళ్ల ఎత్తు చూసుకోకు.” అది ఆ రోజు నవ్విందని హాస్టల్ వార్డెన్ చెప్పింది.

2024 మే 5న మళ్లీ తిరుపతి, మళ్లీ గేటు, మళ్లీ నా కొంగున దిద్దులు. ఈసారి బయటికి వస్తూ నవ్వుతూనే వచ్చింది.

ఫలితాలు జూన్ 14న అన్నారు. సరే, పది రోజులు నిశ్చింతగా ఉందామని అందరం కుప్పంలో చెల్లెలింటికి చేరాం. జూన్ 4న ఎన్నికల ఓట్ల లెక్కింపు. కుప్పంలో ఆ రోజు సంబరం గురించి చెప్పేదేముంది! పొద్దున్నించీ టీవీ, మధ్యాహ్నంనించీ డప్పులు, సాయంత్రానికి టపాకాయలు. ఆ మోతలో చిట్టి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నీట్ ఫలితాలు ముందే ఇచ్చేశారు.

మార్కులు 542.

చెల్లెలు ‘అమ్మా!’ అని అరిచి, బయట ఎవరో పంచుతున్న స్వీట్లే తెచ్చి అందరి నోళ్లలో పెట్టేసింది. 318 ఎక్కడ, 542 ఎక్కడ! అమ్మ దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు వెతుక్కుంటోంది. చిట్టి మాత్రం గోడకానుకుని అట్లాగే నిలబడి ఉంది.

“ర్యాంకు చూడత్తా,” అంది.

మునుపటేడు అవే మార్కులకి వచ్చిన ర్యాంకుకీ దీనికీ పొంతనే లేదు. రెండింతలకు మించి కిందికి పోయింది. ఆ ఏడు అంతటా అట్లాగే అయింది. ముందు ప్రకటించినప్పుడు 67 మందికి 720కి 720 వచ్చాయి. ప్రశ్నపత్రం బయటికి పొక్కిందన్న గొడవలు, గ్రేసు మార్కుల గొడవలు, కోర్టు కేసులు. మళ్లీ పరీక్ష పెడతారేమోనని మా తమ్ముడు రోజూ పేపరు ముందేసుకుని కూచునేవాడు. జులై 23న సుప్రీంకోర్టు మళ్లీ పరీక్ష అక్కర్లేదంది. ఫిజిక్సులో ఒక ప్రశ్నకి రెండు జవాబులూ ఒప్పుకున్నారు గదా, ఒక్కటే సరైనదని తేల్చి ఆ నెల 26న మార్కులు సవరించారు. మొదటి ర్యాంకు 67 మంది నుంచి 17 మందికి దిగింది. మా చిట్టికి ఉన్నదాంట్లోంచే అయిదు పోయాయి.

“మార్కుల ధర పడిపోయింది,” అన్నాడు తమ్ముడు. ఈసారి వాడి టమోటా లెక్కకి ఎవరం నవ్వలేదు. మేం ఏరికోరి నిదానించిన ఏడే అట్లా అయింది.

ఆ రాత్రుల్లో ఇల్లంతా ఒకటే మాటలు. ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంటు సీటంటే ఉన్న రెండెకరాలూ పోవాలి. విదేశాలకు పంపిస్తామని ఎవరో ఏజెంటు రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను మాత్రం ఒక్కటే పట్టు. “ఇంకో ఏడు రాయనీ. వయసు హద్దు లేదు, ఎన్నిసార్లన్న హద్దు లేదు. నేనుండా. గాజులు ఇంకా అట్నే ఉండాయి.”

ఒక రాత్రి మిద్దెమీద పడుకున్నాం, నేనూ అమ్మా చిట్టీ. అది నిద్దరపోలేదు.

“అత్తా, ఆరోగ్యవరంలో పెద్ద తాతని చూసుకున్నారన్నావే, తెల్లబట్టలావిడ. ఆవిడ డాక్టరమ్మా, నర్సమ్మా?”

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. యాభై ఏళ్లుగా ఆవిణ్ని డాక్టరమ్మ అనే అనుకుంటున్నాను. ఎవర్నీ అడగలేదు.

చీకట్లోంచి అమ్మ జవాబు చెప్పింది. “నర్సమ్మే గదా! డాక్టరయ్య పొద్దున ఒకతూరి వచ్చి చూసిపోయేటోడు. మీ పెద్దనాయన్ని బతికించింది మందులైతే, మనిషిని చేసింది ఆయమ్మే.”

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. తరవాత చిట్టి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఈ నెలరోజులూ చిన్నత్త మోకాళ్ల నొప్పికి తోడుగా ఆస్పత్రికి పోతూ, గంటలు గంటలు అక్కడే కూచుని చూసిందట. తనకి ఆ పని ఇష్టమట. ఆ పరీక్షంటేనే ఇప్పుడు అసహ్యం పుట్టిందట.

“ఇంకో ఏడు రాయమంటే రాస్తా అత్తా. కానీ ఈసారి రాసేది నేను కాదు, నువ్వు.”

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ రెండు మాటలు అందును. నాయన నా ఏడాది నాకివ్వకుండా తీసుకున్నాడని ముప్పై ఎనిమిదేళ్లు మనసులో పెట్టుకున్నాను. ఈ పిల్లకి అక్కర్లేని ఏడాదిని గాజులు తాకట్టు పెట్టి మరీ దాని నెత్తిన పెట్టబోయింది నేను. ఇద్దరిలో ఎవరమూ పిల్లని ‘నువ్వేమంటావు?’ అని అడగలేదు. నాయనైనా పక్కన కూచోబెట్టుకుని చెప్పాడు. నేను ఆ పాటి కూడా చెయ్యలేదు.

తెల్లారి తమ్ముడికి నేనే చెప్పాను. వాడు మొదట గింజుకున్నాడు. “నర్సా? మండీలో ఏమని చెప్పాల?” అన్నాడు. “ధర నువ్వు కట్టొద్దురా,” అన్నాను. ఆ ఏడే కుప్పంలోనే బి.ఎస్సీ. నర్సింగులో చేరింది. చిన్నత్త ఇంట్లోనే ఉంటోంది. జుట్టు మళ్లీ ఒత్తుగా వచ్చింది.

2025 మే 4న నీట్ జరిగినప్పుడు నేను ఊరుకోలేక వాకబు చేశాను. ఆ ఏడు ఫిజిక్సు మహా కష్టంగా ఇచ్చారట. దేశం మొత్తానికి మొదటి ర్యాంకు పిల్లవాడికే 686. చిట్టి రాసి ఉంటే ఏమయ్యేదో? సీటొచ్చేదేమో, రాకపోయేదేమో. జులైలో టమోటా ధర ఏప్రిల్లో చెప్పగలిగినవాళ్లుంటే వాళ్లనడగాలి. దాన్నడిగితే, “నాకేం తెలుసత్తా, ఆ రోజు నాకు వార్డులో డ్యూటీ,” అంది.

మొన్న మదనపల్లె వచ్చినప్పుడు అమ్మ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. దిండు సర్ది, మంచంమీదే పక్కన కూచుని, మాత్ర వేసుకోలేదని కేకలేసింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఎక్కడో చూసిన దృశ్యమే.

“మళ్లా ఎప్పుడు రాస్తావు మే డాక్టరు పరీక్ష?” అంది అమ్మ.

“మనసైతే రాస్తాలే అవ్వా. ఇప్పుడు దానికి వయసు లేదు.”

అది నిజమే. ఒడిశాలో జయకిశోర్ ప్రధాన్ అని ఒక రిటైరైన బ్యాంకు ఉద్యోగి 2020లో అరవై నాలుగేళ్ల వయసులో నీట్ రాసి, బుర్లాలోని వైద్య కళాశాలలో చేరాడు. ఈ సంగతి మావారికి చెప్పడం నాదే పొరపాటు.

“అయితే నువ్వే రాయరాదూ? బైపీసీనే గదా! యాభై ఆరంటే ఆయనకంటే ఎనిమిదేళ్లు చిన్నదానివి,” అన్నారు పేపరు దించకుండానే.

చిట్టి వదిలేసిన జువాలజీ పుస్తకం మా ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం గిన్నెలు సర్దుకున్నాక తిరగేస్తూంటాను. పరీక్ష కోసం కాదులెండి. కప్ప గుండెకి మూడు గదులని ఇంకా గుర్తుందో లేదో చూసుకుందామని.

గుర్తుంది.

అమ్మకి చెప్పలేదు. చెప్తే ఏ సామెత తీస్తుందో ఏమో!